గోధుమరంగు లెక్క

ల్యాబులో ఆమెకు వెనకాల పెట్టిన పేరు మూతివిరుపు డాక్టరమ్మ. ఆ సంగతి చెవిన పడ్డప్పుడు కూడా ఆమె మూతే విరిచింది. ఇంతకంటే మంచి పేరు పెట్టడానికి వీళ్లకు బుర్ర చాలలేదు కాబోలు అనుకుంది. మనుషుల ఒంట్లోంచి కోసి తీసిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసి, కేన్సరా కాదా, అయితే ఎలాంటిదీ చెప్పడం ఆమె పని. జుట్టు నెరిసేదాకా అదే పని చేయడంవల్ల ఆమెకు మనుషుల మీదకంటే వాళ్ల కణాల మీదే గౌరవం ఎక్కువ. కణాలు గొప్పలు చెప్పుకోవు, ఒకదాని వీపు ఒకటి తట్టుకోవు, మీటింగులు పెట్టవు.

మీటింగులు పెట్టేది పెద్దాయన. ఆ విభాగానికి ఆయనే అధిపతి. వయసులో ఉన్నప్పుడు ఊపిరితిత్తుల కేన్సర్ కణాల్లో ఒక ప్రొటీన్‌ని పట్టుకున్నాడు, ఆ తర్వాత దాన్ని పట్టుకునే ఇంతవాడయ్యాడు. ఆ ప్రొటీన్ ఎక్కువగా ఉంటే అది దూకుడు కణితి, కోసి పారేసినా ఊరుకోదు, మళ్లీ ఎక్కడో తలెత్తుతుంది. తక్కువగా ఉంటే అది నెమ్మదస్తురాలు. ఆయన చెప్పేది ఇదీ. అందులో కొంత నిజం ఉందని డాక్టరమ్మ కూడా ఒప్పుకునేది, పళ్లు బిగబట్టి. ఆమె ఒంటికి పడనిదల్లా ఆ కొంత నిజాన్ని ఆయన నెత్తిన పెట్టుకుని ఊరేగే తీరు.

పని మాత్రం చెప్పుకోవడానికి సులువే. కణితి ముక్కని మైనపు దిమ్మలో బిగించి, ఉల్లిపొరకంటే పల్చగా కోసి, గాజు పలక మీద పరిచి, దాని మీద యాంటీబాడీ ద్రావకం పోస్తారు. అది వెతుక్కుంటూ వెళ్లి ఆ ప్రొటీన్ ఉన్నచోటే అతుక్కుంటుంది, అతుక్కున్నచోట గోధుమరంగు తేలుతుంది. ఎంత గోధుమరంగో అంత ప్రొటీన్, అంత దూకుడు. ఒకప్పుడు డాక్టర్లు కళ్లు పోయేలా చూసి మార్కులు వేసేవారు. పెద్దాయన ఎవరెవరినో పట్టుకుని ఒక మెషిన్ తెప్పించాక ఆ బాధ తప్పింది. మెషిన్ స్లైడుని ఫొటో తీసి, గోధుమరంగు చుక్కలన్నీ తనే లెక్కపెట్టుకుని, ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని ఏదో ఒకటి తెర మీద చూపించి ఊరుకుంటుంది.

మెషిన్ వచ్చిన రోజు పెద్దాయన ముఖం చూడాలి. మనిషి కన్ను మొహమాటపడుతుందనీ, మెషిన్‌కి ఆ జబ్బు లేదనీ ఉపన్యాసం ఇచ్చాడు. జూనియర్లు గంగిరెద్దుల్లా తలలూపారు. ఆ ఊపులోనే ఆయన పాత అలవాటు ఒకటి ఎత్తేయించాడు. అంతకుముందు ప్రతి రోగి ముక్కకీ పక్కన ఇంకో ముక్క పెట్టి, దాని మీద యాంటీబాడీ పోయకుండా చూసేవారు. దాన్ని ల్యాబులో ఖాళీ స్లైడు అనేవారు. ద్రావకం పోయకుండానే గోధుమరంగు కనబడితే అది ప్రొటీన్ కాదు, మరేదో అని తేలిపోతుంది. అంత తెలివైన మెషిన్ ఉండగా ఇంకా ఈ చాదస్తం దేనికని పెద్దాయన తీసిపారేశాడు.

డాక్టరమ్మ ఆ రోజు లేచి అడ్డుపడింది. మెషిన్‌కి రంగు తెలుసు గానీ ఆ రంగు ఎక్కడిదో తెలియదు కదా అంది. పెద్దాయన చిరునవ్వు నవ్వి, మెషిన్ మీద నమ్మకం లేనివాళ్లు రేపట్నుంచి ఎద్దుబండిలో డ్యూటీకి రావచ్చన్నాడు. గదంతా గొల్లుమంది. ఆమె మూతి విరిచి కూర్చుంది. ఆ తర్వాత వచ్చిన రిపోర్టులన్నిటి మీదా సంతకాలు మాత్రం పెడుతూనే వచ్చింది.

మెషిన్ అడుగుపెట్టిన వేళావిశేషం, పెద్దాయనకి ఇంకో కీర్తి కలిసొచ్చింది. వెల్డింగ్ పనివాళ్లు, లేత్ మెషిన్ల దగ్గర నిలబడేవాళ్లు, ఇనుము కోసేవాళ్లు, ఇలాంటి చేతిపనుల వాళ్ల కణితుల్లో ఆ ప్రొటీన్ ఎక్కువగా ఉంటోందని మెషిన్ లెక్కల్లో తేలింది. అంటే శ్రమజీవుల కేన్సర్‌కి దూకుడెక్కువ. ఈ సంగతి పట్టుకుని ఆయన సభలన్నీ చుట్టబెట్టాడు. కారణాలు కూడా ఆయన దగ్గర సిద్ధంగానే ఉన్నాయి. వాళ్ల అలవాట్లు మంచివి కావట, తిండి సరిగ్గా తినరట, ఒంటి మీద శ్రద్ధ ఉండదట. జీవితంలో తన టీ కప్పు తను కడుక్కోని మనిషి పనివాళ్ల అశ్రద్ధ గురించి గుండెలు బాదుకుంటుంటే డాక్టరమ్మకి ఒళ్లు మండిపోయింది. కానీ లెక్కలో తప్పు పట్టుకుందామంటే దొరకలేదు. మండిన ఒళ్లు దానంతటదే చల్లారింది.

ఇదంతా ఆమె ఇంటిదాకా రానంతవరకూ.

బావ అంటే ఆమె అక్క మొగుడు. తాళాలు బాగుచేస్తాడు, మారు తాళంచెవులు కోసిస్తాడు, పోగొట్టుకున్న వాళ్లకి ఇనప్పెట్టెలు తెరిచిపెడతాడు. ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటే ఉండాల్సినంత దుకాణం, గోడ నిండా వేలాడే చెవులు, గుమ్మం పక్కనే కీచుమంటూ తిరిగే సానరాయి మెషిను. ఇనప్పెట్టె తెరిచేటప్పుడు తలుపుకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, బొటనవేలూ చూపుడువేలూ మధ్య చక్రాన్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతాడు. లోపల ఏదో టిక్కుమంటుంది, ఆయనకే వినబడుతుంది. ఆ వేళప్పుడు తప్ప ఆయన నోరు మూతబడగా చూసినవాళ్లు లేరు. మరదలు కనబడితే చాలు, నీ మైక్రోస్కోపులో నా బుద్ధి ఏమైనా కనబడిందా అని మొదలెడతాడు. దానికి ఇంకా పెద్ద మైక్రోస్కోపు కావాలి బావా అని ఆమె అంటిస్తుంది. ఆమె మూతి విరవకుండా మాట్లాడే మనిషి లోకంలో ఆయనొక్కడే.

దగ్గు తగ్గడం లేదని ఫొటో తీయిస్తే ఊపిరితిత్తిలో కణితి బయటపడింది. చిన్నదే. ఆపరేషన్ చేసి శుభ్రంగా తీసేశారు. చుట్టుపక్కల గ్రంథుల్లోకి పాకలేదు. ఇక ఇంటికి పోవడమే అనుకుంటుండగా మెషిన్ నోరు విప్పింది. పెద్దాయన ప్రొటీన్ ఎక్కువ. కణితి దూకుడుది. కాబట్టి ఘాటైన కీమో ఇవ్వాలి.

కీమో డాక్టరు మంచివాడే, దాచకుండా చెప్పాడు. ఈ మందు ప్రాణం నిలుపుతుంది, కానీ చెవుల్లో హోరు పుట్టిస్తుంది, కొందరికి వినికిడి తగ్గిపోతుంది, వేళ్ల చివర్లు మొద్దుబారతాయి, అవి మళ్లీ మామూలవుతాయని మాట ఇవ్వలేనన్నాడు. బావ తన వేళ్ల వంక చూసుకున్నాడు. ప్రాణం ముఖ్యమా వేళ్లు ముఖ్యమా అని అక్క ఏడుస్తూ అడిగితే, రెండూ ఒకే మనిషివి కదే అన్నాడు. ఆ తర్వాత ఇంటిదాకా ఒక్క హాస్యం ఆడలేదు. అక్క భయపడింది అందుకే.

అక్క ఆ మర్నాడు చెల్లెల్ని పక్కకి తీసుకెళ్లి చెయ్యి పట్టుకుంది. "నువ్వక్కడే ఉన్నావు కదే. నిజంగా కావాలంటే ఇప్పిద్దాం, నేను గుండె రాయి చేసుకుంటాను. కానీ కావాలో అక్కర్లేదో నువ్వు చూసి చెప్పు. మెషిన్ చెప్పింది కాదు, నువ్వు చెప్పు."

బావకి భయం ఎక్కడ పుట్టిందో డాక్టరమ్మకి తెలుసు. ఆసుపత్రి వరండాలో ఆయనకొక వెల్డరు స్నేహమయ్యాడు. ముసలాయన కాదు, పని ముసలాయన్ని చేసింది. ఇదే రిపోర్టు, ఇదే కీమో, నిరుడు పుచ్చుకున్నాడు. ఇప్పుడు పరీక్షలకని వచ్చి పోతుంటాడు. ఆయనకి ఏదైనా చెప్పాలంటే గొంతు చించుకోవాలి. పేరు పిలిస్తే పలకడని నర్సులు వచ్చి భుజం తడతారు. ఒకరోజు పరీక్ష గదిలోంచి బయటికొచ్చి చొక్కా గుండీలు పెట్టుకోవడానికి తంటాలు పడుతుంటే, బావ లేచి వెళ్లి, మాట్లాడకుండా ఒక్కొక్కటే పెట్టాడు. పైన గుండీ దాకా వచ్చాక వెల్డరు సిగ్గుపడి నవ్వాడు. బావ కూడా నవ్వాడు గానీ, తిరిగొచ్చి డాక్టరమ్మ పక్కన కూర్చున్నాక తన వేళ్లు ఒక్కొక్కటే ముడిచి చూసుకున్నాడు.

సొంతవాళ్ల ముక్కలు తాము చూడకూడదని ల్యాబులో ఒక నియమం ఉంది. బావ రిపోర్టు అందుకే జూనియరు రాశాడు. రాయడమంటే, మెషిన్ చెప్పింది ఎక్కించాడు. డాక్టరమ్మ ఆ మధ్యాహ్నం స్లైడుల పెట్టెలోంచి బావ స్లైడు తీసి, నియమాన్ని పక్కనబెట్టి, తన మైక్రోస్కోపు కింద పెట్టింది.

గోధుమరంగు బోలెడంత ఉంది. మెషిన్ అబద్ధం చెప్పలేదు. కానీ ఆ రంగు ఉండాల్సిన చోట లేదు. కణితి కణాలు చాలామట్టుకు పాలిపోయి ఉన్నాయి. రంగంతా వాటి సందుల్లో, అంచుల్లో, ఊపిరితిత్తిలోకి పోయిన చెత్తని మింగి కూర్చునే పెద్ద కణాల పొట్టల్లో ఉంది. అదీ గింజలు గింజలుగా, కాస్త బంగారు మెరుపుతో. ఈ మెరుపు ఆమె ఎరగనిది కాదు.

ఎగిరి గంతెయ్యబోయి ఆగిపోయింది. పెద్దాయన అన్న మాట గుర్తొచ్చింది. మనిషి కన్ను మొహమాటపడుతుంది. ఇది బావ ముక్క. బావని కాపాడాలని తన కన్నే దారి వెతుక్కుంటోందేమో. జూనియర్లని చూసి మూతి విరిచినంత తేలిగ్గా తనని చూసి విరుచుకోలేకపోయింది. కన్ను చెప్పిందని వెళ్లి చెబితే ఆయన గదంతా నవ్విస్తాడు, ఈసారి నవ్వినవాళ్లదే ఒప్పయినా కావచ్చు. పైగా పొరపాటుపడితే పోయేది తన పరువు కాదు, బావ ప్రాణం.

సాయంత్రం దుకాణానికి వెళ్లింది. బావ మంచంలో ఉన్నా అక్క దుకాణం మూయలేదు. వచ్చినవాళ్లకి మారు చెవులు కోసిచ్చేపాటి పని ఎప్పుడో నేర్చుకుంది. సానరాయి మెషిన్ తిరుగుతుంటే నిప్పురవ్వలు లేచాయి, రవ్వల వెనక సన్నటి పొగలాంటిది అక్క ముఖం దాకా వచ్చి మాయమైంది. డాక్టరమ్మ గోడ మీద చెవుల వరసలో చేతిరుమాలు పెట్టి ఒక్కసారి తుడిచింది. రుమాలు నల్లగా, అంచుల్లో తుప్పురంగుగా వచ్చింది. రోజూ తుడుస్తానే, అయినా అంతే అని అక్క నొచ్చుకుంది, దుకాణం శుభ్రంగా లేదని చెల్లెలు ఎత్తిపొడుస్తోందనుకుని.

డాక్టరమ్మ రుమాలు మడిచి సంచిలో పెట్టుకుంది. బావ పెళ్లికొడుకుగా వచ్చిన నాటి నుంచీ ఆ మెషిన్ ముందే నిలబడ్డాడు. ముక్కుకి గుడ్డ కట్టుకోమంటే, మాట్లాడటానికి అడ్డొస్తుంది మరదలా అనేవాడు.

మర్నాడు పొద్దున్నే టెక్నీషియన్ని పిలిచింది. ఆ టెక్నీషియన్ పని తప్ప ప్రశ్న వేసే అలవాటు లేని అమ్మాయి. బావ మైనపు దిమ్మలోంచి మూడు పొరలు కోయమంది. ఒకటి ఖాళీ స్లైడు, అదే, పెద్దాయన చాదస్తమని ఎత్తేయించినది. రెండోదానికి ఇనుమున్న చోట నీలం తేలే రంగు. మూడోదానికి యాంటీబాడీయే, కానీ గోధుమరంగు బదులు ఎరుపు తేలేలాగ. ఇందులో కొత్త విద్యేమీ లేదు. చదువుకునే రోజుల్లో మొదట నేర్పేది ఇదే. అంతా కలిసి మర్చిపోయారంతే.

ఖాళీ స్లైడు మీద యాంటీబాడీ చుక్క పడలేదు, అయినా గోధుమరంగు నిక్షేపంలా ఉంది. రెండోదాంట్లో సరిగ్గా ఆ గింజలే నీలంగా మారాయి, ఇంకు చల్లినట్టు. ఇనుము. మూడోదాంట్లో ఎరుపు అక్కడక్కడా, బతిమాలితే వచ్చినట్టు కొంచెంగా ఉంది. అంటే బావ కణితిలో పెద్దాయన ప్రొటీన్ తక్కువ. మెషిన్ లెక్కపెట్టింది బావ తాళంచెవుల దుమ్ముని.

మూడు స్లైడులూ పళ్లెంలో పెట్టుకుని పెద్దాయన గదికి వెళ్లింది. దారిలో చెప్పాల్సిన మాటలన్నీ నూరుకుంది. ఎద్దుబండి మాట కూడా వడ్డీతో సహా ఇచ్చేద్దామనుకుంది. ఆయన మైక్రోస్కోపులో చాలాసేపు చూశాడు. మెడ వెనక ఎర్రబడింది. తల ఎత్తినప్పుడు మాత్రం ముఖం ఎప్పటిలాగే సభలో కూర్చున్నట్టుంది. బాగా పట్టుకున్నారమ్మా అన్నాడు. తను కూడా ఇలాంటిదేదో ఉండొచ్చని అనుకుంటూనే ఉన్నాడట. ఆ అబద్ధం అంత నున్నగా జారేసరికి ఆమె నూరుకొచ్చిన మాటలు నోట్లోనే ఉండిపోయాయి.

తర్వాత ఆయన గొంతు తగ్గించాడు. "మీ బావగారి రిపోర్టు ఈరోజే మార్చేద్దాం. కీమో అక్కర్లేదు, చూసుకుంటూ ఉంటే చాలు. పాతవాటి సంగతి మాత్రం మెల్లగా, గుట్టుగా చూసుకుందాం. అయిపోయినవాటిని ఇప్పుడు కెలికితే ఎవరికి లాభం చెప్పండి? రోగులు బెదిరిపోతారు. సమయం వచ్చినప్పుడు నేనే ఒక పేపరు రాస్తాను, మీ పేరూ వేద్దాం."

ఆ చివరి మాటకైనా ఆమె మూతి విరవాల్సింది. విరవలేదు. బావ రిపోర్టు మారుతుందన్న మాట దగ్గరే ఆమె చెవులు ఆగిపోయాయి. తల ఊపి వచ్చేసింది, గంగిరెద్దుకేమీ తీసిపోకుండా.

ఇంట్లో ఆ రోజు చూడాలి. అక్క ఏడ్చి, నవ్వి, మళ్లీ ఏడ్చి, చెల్లెలి బుగ్గలు పుణికింది. ఇది ఇక రాదని ఎవరూ హామీ ఇవ్వలేరనీ, చూపించుకుంటూనే ఉండాలనీ, సానరాయి దగ్గర ముక్కు కప్పుకోవాల్సిందేననీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బావకి నోరు తిరిగొచ్చింది. ఇన్నాళ్లూ నా ఒంట్లో దుకాణమే పెట్టుకున్నాను గానీ అద్దె కట్టలేదన్నాడు. నాలో ఉన్న ఇనుము చూసైనా నన్ను లెక్కచేయమని పెళ్లాన్ని వేళాకోళమాడాడు. ఆమె కూడా పగలబడి నవ్వింది. అంతలో ఆయన నవ్వు ఆపి అడిగాడు.

"మరదలా, మరి ఆ వెల్డరన్నదో? ఆయనది నాకంటే ఎక్కువ దుమ్ము కదా."

తెలియదు బావా అంది. అది అబద్ధం కాదు, ఆమె చూడలేదు. చూడకపోవడానికి కారణమేమిటో మాత్రం తెలుసు. తెలుసుకోవడానికేముంది, ఆయన ముక్క మీ దగ్గరే ఉంటుందన్నావుగా అన్నాడు బావ. అక్క మొగుణ్ణి మోచేత్తో పొడిచింది, మన గండం గడిచింది కదా, ఇంకా ఎందుకు దాన్ని ఇరుకున పెడతావన్నట్టు. బావ ఊరుకున్నాడు. ఆయన అలా ఊరుకుంటేనే భరించడం కష్టం.

ఇంటికి పోతూ దారిపొడుగునా తనతో తనే పోట్లాడుకుంది. పెద్దాయనని ఇన్నేళ్లు ఈసడించింది, జూనియర్లని గంగిరెద్దులంది, మెషిన్ని తిట్టింది. ఆ పని చేస్తూనే ఎంతమంది దుమ్ముకి దూకుడని సంతకం పెట్టింది? లోపల ఎంత వెటకారం ఉంటేనేం, కాగితం మీద అది కనబడదు కదా. పెద్దాయన సంతకానికీ తన సంతకానికీ తేడా ఒక్కటే, ఆయన నమ్మి పెట్టాడు, తను నమ్మకుండా పెట్టింది. ఏది ఎక్కువ సిగ్గుచేటో తేల్చుకోలేకపోయింది.

మర్నాడు వెల్డరు మైనపు దిమ్మ తీయించింది. టెక్నీషియన్ అడక్కుండానే మూడు పొరలు కోసింది. ఖాళీ స్లైడు గోధుమరంగు. ఇనుము రంగు వేసినదైతే చెప్పనే అక్కర్లేదు, నీలం కుండపోతగా కురిసినట్టుంది. ఎరుపు మాత్రం బావ దాంట్లో ఉన్నపాటి కూడా లేదు. చేతిపనివాళ్ల కేన్సర్‌కి దూకుడెక్కువని సభలన్నిటా చప్పట్లు కొట్టించుకున్న గొప్ప సంగతి ఆ గాజు పలక మీద పరుచుకుని ఉంది. దూకుడూ కాదు, అలవాట్లూ కాదు, అశ్రద్ధా కాదు. వాళ్లు పనిచేశారు. పని వాళ్ల ఊపిరితిత్తుల్లో మిగిలింది. మనవాళ్లు దాన్ని లెక్కపెట్టి, అది వాళ్ల రోగానికున్న పొగరని రాశారు.

ఆ రోజు వెల్డరు పరీక్షలకి వచ్చే రోజు. వరండా కిటకిటలాడుతోంది. బెంచీల మీద మనుషులు, బెంచీల్లో ఖాళీ లేక గోడకానుకుని మనుషులు, చాలామంది చేతుల గీతల్లో ఎంత కడిగినా పోని నలుపు. పెద్దాయన గది తలుపు తెరిచే ఉంది. ఎవరో పెద్దవాళ్లు వచ్చినట్టున్నారు, ఆయన గుమ్మంలో నిలబడి మెషిన్ గది వైపు చెయ్యి చూపిస్తూ ఏదో చెబుతున్నాడు.

ఆమె వెల్డరు పక్కన ఇరుక్కుని కూర్చుంది. ముందు మెల్లగానే చెప్పింది. మీ రిపోర్టులో పొరపాటు జరిగిందండీ అంది. ఆయన అర్థంకాక మర్యాదగా నవ్వాడు. ఇంకాస్త దగ్గరికి జరిగి మళ్లీ చెప్పింది. ఆయన అరచెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని ఆమె వైపు వంగాడు. వేళ్లు సరిగ్గా ముడవడం లేదు, చెయ్యి చెవి దగ్గర ఒక పలకలా నిలబడింది.

"ఈ చెవి అసలు లేదమ్మా. ఇటు చెప్పు, గట్టిగా చెప్పు."

గుట్టుగా చెప్పే దారి లేదు. ఆ దారి మూసేసింది తాము ఇచ్చిన మందే. డాక్టరమ్మ లేచి నిలబడింది. పెద్దాయన ఆమెని చూశాడు, చూపుతోనే వద్దన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకుని వరండా దద్దరిల్లేలా అరిచింది.

"మీ కేన్సర్ దూకుడుది కాదు. మెషిన్ లెక్కపెట్టింది వెల్డింగ్ దుమ్ముని. మా లెక్క ప్రకారమే మీకు ఆ కీమో అక్కర్లేదు. అనవసరంగా ఇచ్చాం. ఆ రిపోర్టు మీద సంతకం పెట్టింది నేనే."

పిలుపుల కోసం ఎదురుచూస్తున్న వాళ్లంతా ఆమె వైపు తిరిగారు. గుమ్మంలో పెద్దాయన పక్కనున్నవాళ్లు ఆయన ముఖంలోకి చూస్తున్నారు, ఆయన మెషిన్ గది వైపు చాచిన చెయ్యి దించుకున్నాడు. గోడకానుకున్న వాళ్లలో ఒకాయన తన చేతులు తిప్పి చూసుకున్నాడు. మరి నాదో అని ఎవరో అడగడం వినబడింది, ఆ వెనకే ఇంకో గొంతు అదే అడిగింది. వెల్డరు మాత్రం ఆమె పెదవులకేసే చూస్తున్నాడు. విన్నంతవరకూ అర్థమైనట్టే ఉంది, ముఖంలోంచి ఆ మర్యాద నవ్వు పోయింది.

"చివరి మాట వినపడలేదమ్మా," అన్నాడు. "ఎవరు పెట్టారన్నావు సంతకం?"

డాక్టరమ్మ ఆయన మంచి చెవి వైపుకి తిరిగి, ఇందాకటికంటే గట్టిగా, మళ్లీ చెప్పింది.